ఎడమ భుజం సాక్ష్యం

ఐదో సూది దిగింది. దిగినట్టు తెలియనే లేదు, సూదికి తొడిగిన సన్నటి ప్లాస్టిక్ గొట్టం మీద వేలితో టక్కుమని కొట్టిన చప్పుడు మాత్రం విన్నాను. ఆ తర్వాత జ్యోతిక సూదిని లోపల్లోపల కాస్త ఆడించగానే భుజంలో కండ దానంతటదే ఎగిరిపడింది, గంపలో చేప ఎగిరినట్టు. నేను ఎగరమనలేదు, నన్ను అడగకుండానే ఎగిరింది. "అదీ, దొరికింది. కదలకండి ఆంటీ" అని ఆ అమ్మాయి సంబరపడింది. నా నొప్పి దొరికితే సంబరపడేది ఈ లోకంలో ఈమె ఒక్కతే. బోర్లా పడుకుని ఉన్నాను. మంచానికి తలవైపు ఒక కంత ఉంది, మొహం అందులో పెట్టాలి. కంతలోంచి నేల మీది తెల్ల బండలు, జ్యోతిక నీలం చెప్పులు, రాలిపడిన దూది ముక్క కనిపిస్తున్నాయి, ఇంకేం కనిపించడం లేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో గాజుల దుకాణం మీద రెండో అంతస్తులో ఫిజియోథెరపీ క్లినిక్ ఇది, మెట్రో పోయినప్పుడల్లా కిటికీ అద్దం గడగడమంటుంది. ఐదు దాటి పది నిమిషాలైంది. ఏడింటికి ఎల్బీ నగర్ ఫంక్షన్ హాల్లో మా చర్చి సంఘం సభలు, ఆరు వందల మంది ముందు నేను నిలబడి ఈ ఎడమ చెయ్యి పైకెత్తి, మందూ మాకూ లేకుండా ఒక్క ప్రార్థనతో నా భుజం నొప్పి పోయిందని సాక్ష్యం చెప్పాలి. ఆ చెయ్యి లేవడం కోసమే ఇక్కడ పడుకుని సూదులు పొడిపించుకుంటున్నాను. నవ్వేవాళ్ళు నవ్వుకోండి, నాకైతే నవ్వు రావడం లేదు.

తొమ్మిదోది కూడా పెట్టేసి, "పదిహేను నిమిషాలు ఉంచుదామండీ, నిద్రొస్తే పడుకోండి, భుజం మాత్రం కదపకండి" అని తెర లాగి పక్క మనిషి దగ్గరికి వెళ్ళింది. తెనాలి పిల్ల, అండీ లేకుండా మాట పూర్తి కాదు. మొదటి రోజు ఈ పిల్లను నేను నిలదీశాను. "సూదిల మందు లేకుంటె అదేం సూదమ్మా, నన్ను పాగల్ చేస్తున్నవా?" అన్నాను. నవ్వి, ఒక పాకెట్ చించి సూది చూపించింది, వెంట్రుక కంటె కాస్త లావు, లోపల బోలు లేదు, మందు పోవడానికి దారే లేదు. కండలో కొన్ని పోగులు బిగుసుకుని గడ్డ కడతాయట, ఏళ్ళ తరబడి పట్టు వదలవట, నొప్పి అక్కడ పుట్టి మెడకూ తలకూ పాకుతుందట. సూది మొన సరిగ్గా ఆ గడ్డకు తగిలితే కండ ఒక్కసారి ఉలిక్కిపడి వదులవుతుందట. మెడ పక్క కండను రెండు వేళ్ళతో పైకి పట్టి లాగి మరీ గుచ్చుతుంది, కింద ఊపిరితిత్తి ఉంటుంది కాబట్టి జాగ్రత్త అంటుంది. "మరి మొత్తం పోతదా?" అని అడిగాను. "చెప్పలేనండీ. కొందరికి బాగా తగ్గుతుంది, కొందరికి అంతగా తగ్గదు. రెండ్రోజులు ఇంకా సలుపుతుంది కూడా. ఇంట్లో నేను చెప్పిన వ్యాయామాలు చేయకపోతే మళ్ళీ బిగుసుకుంటుంది" అంది. ఆ మాట నాకెంత నచ్చిందో! పదకొండేళ్ళలో నా భుజం గురించి చెప్పలేను అన్న మొదటి మనిషి ఆమె. మిగతా అందరికీ అన్నీ తెలుసు. ఒకరు నూనె రాయమన్నారు, ఒకరు ఉప్పు కాపడం అన్నారు, ఒకరు గ్యాస్ అన్నారు, మా ఆయన మేనత్త దిష్టి అంది, దవాఖానలో ఒకాయన నా మొహం కూడా చూడకుండా మాత్రలు రాసి, బరువు తగ్గమన్నాడు. నా బరువుతో ఆయనకేం పని.

పదకొండేళ్ళంటే మాటలు కాదు. పెద్ద అంబర్‌పేట్ నుంచి కోఠి, కోఠి నుంచి పెద్ద అంబర్‌పేట్, కుడిచేతిలో టికెట్ మిషన్, ఎడమచెయ్యి పైన రాడ్డు మీద. డ్రైవర్ బ్రేకు కొట్టినప్పుడల్లా నా ఒళ్ళంతా ఆ ఎడమ భుజానికి వేలాడుతుంది. రోజుకు ఎన్ని బ్రేకులో ఆ దేవుడికే తెలుసు. ఆడవాళ్ళకు టికెట్ ఫ్రీ అయ్యాక బస్సులో చీమ దూరే సందు లేదు, మంచిదే, ఆడవాళ్ళు ఊరు చూస్తున్నారు, నేను కాదనను, కానీ ఆ సందులోంచి నేను దూరాలి కదా. ఆధార్ చూపియ్యమ్మా, లోపలికి జరగమ్మా, దిగేటోళ్ళకు తొవ్వియ్యమ్మా. ఒకడు ఫుట్‌బోర్డు మీద వేలాడుతూ, "ఏంది కండక్టరమ్మా, గంత గరం అయితున్నవ్" అంటాడు. "నేను గరం కాకుంటె నువ్వు ఆ మెట్ల మీదనే సంసారం పెడ్తవ్, లోపటికి రా" అంటాను. నా నోరు అలాంటిది. డిపోలో అందరికీ తెలుసు, కృపమ్మ నోటికి జడవని డ్రైవర్ లేడు. కొత్తపేటలో పండ్ల మార్కెట్ ఉన్నన్నాళ్ళూ కళ్ళు మూసుకుని స్టేజీ చెప్పేదాన్ని, ఎండాకాలం మామిడి, ఆ తర్వాత మురిగిన బత్తాయి, గడ్డీ పేడా కలిసిన వాసన. మార్కెట్ ఎత్తేశాక ముక్కుకు పని లేకుండా పోయింది. ఇక్కడ స్పిరిట్ దూది వాసన. అంత నోరున్న దాన్ని, ఐదు వారాల నుంచి ఒక్క మాట చెప్పలేక నోరు కుట్టేసుకుని కూచున్నాను. నా మీద నాకే ఒళ్ళు మండుతోంది.

ఆ శుక్రవారం సంగతి. ఉపవాస ప్రార్థన, మా చర్చి రేకుల షెడ్డులో ఫ్యాన్లు వేడిగాలి కొడుతున్నాయి. పొద్దున డ్యూటీ చేసి వచ్చాను, చెయ్యి భుజం ఎత్తు దాకా కూడా లేవడం లేదు. పాస్టరు తీతు అయ్యగారి భార్య రూబీ అమ్మగారు నూనె తీసుకుని నా వెనక నిలబడింది. ప్రార్థన మొదలుపెట్టి బొటనవేలు పెట్టి నొక్కింది, సరిగ్గా గడ్డ మీదే, ఎలా తెలిసిందో ఆమెకు. సభలప్పుడు నాలుగు వందల మందికి చపాతీ పిండి పిసికే చేతులవి. ప్రార్థన గట్టిగా సాగినకొద్దీ వేలు ఇంకా దిగింది, నాకు కళ్ళ నీళ్ళు కారాయి, అందరూ ఆత్మావేశం అనుకున్నారు, నేనూ అలాగే అనుకున్నాను. వేలు తీసేసరికి భుజంలో ఏదో కరిగిపోయినట్టు చల్లగా అయింది. చెయ్యి ఎత్తాను. లేచింది! చెవి దాకా, చెవి దాటి పైకి, ఎప్పుడో పెళ్ళి కాకముందు లేచినట్టు లేచింది. మా సంఘంలో ఒక పద్ధతి ఉంది, మేలు పొందినవాళ్ళు ఆ కూటం ముగిసే లోపే లేచి సాక్ష్యం చెప్పాలి. రేపు చెప్తానంటే దేవుడి సొమ్ము ఒక రాత్రి మన ఇంట్లో దాచుకున్నట్టే. నేను లేచి చెప్పాను, ఏడుస్తూ చెప్పాను, చెయ్యి పైకీ కిందికీ ఆడిస్తూ చెప్పాను. అబద్ధం ఒక్క ముక్క లేదు అందులో. ఆ గంట నిజం, ఆ చల్లదనం నిజం.

సోమవారం హయత్‌నగర్ దాటాక ఒక ఆటో అడ్డమొచ్చి బ్రేకు పడింది. రాడ్డు పట్టుకున్న చోటే నిలబడి నేను పళ్ళు కొరుక్కున్నాను. వచ్చేసింది, ఎక్కడికీ పోలేదు, పక్కింటికి పోయి వచ్చినట్టు వచ్చేసింది. ఇప్పుడిక రెండో పద్ధతి. సాక్ష్యం చెప్పాక నొప్పి అనే మాట నోట రాకూడదు, పలికితే దాన్ని మనమే తిరిగి పిలిచినట్టు. నొస్తోందని చెప్తే నాకు విశ్వాసం లేనట్టు, చెప్పకపోతే నొప్పి లేనట్టు. మూడో దారి పెట్టలేదు ఎవరూ. అందరూ పలకరించేవాళ్ళే, భుజమెట్లుంది కృపమ్మా అని. దేవుని దయ అని చెప్పేదాన్ని. అది అబద్ధం కాదు, నిజమూ కాదు. పోయిన వారం జ్యోతికకు ఈ కథంతా చెప్పాను, మనకు కొత్త మనిషి కాబట్టి చెప్పగలిగాను. విని ఏం అందంటే, "గడ్డ మీద బొటనవేలితో అలా నిమిషం పైగా నొక్కి పడితే ఒకట్రెండు రోజులు హాయిగానే ఉంటుందండీ, మేమూ చేస్తాం. ఆవిడ చేతిలో మంచి పట్టుంది" అంది. వెక్కిరించలేదు, మెచ్చుకుంది. మంచం మీద పడుకునే నవ్వాను, నవ్వుతుంటే ఏడుపొచ్చింది, కదలకండి అని కేకలేసింది.

రూబీ అమ్మగారిని ఎవరైనా ఒక్క మాట అంటే ఊరుకోను, అది కూడా చెప్పాలి. ఆలేరు దగ్గరి మా ఊరి నుంచి ఒక ట్రంకు పెట్టెతో దిగినప్పుడు చర్చి వెనక గది మాకు కిరాయికి ఇప్పించింది ఆమే. రెండో కాన్పు కడుపులోనే పోయినప్పుడు మా అమ్మ రాలేదు, అత్త రాలేదు, దవాఖాన వరండాలో నేల మీద మూడు రోజులు కూచుంది ఆమే. నా తలకు నూనె పెట్టి జడ వేసింది. ఆమె అబద్ధమాడే మనిషి కాదు, నా భుజం బాగయిందని మనసారా నమ్మింది. నాకొచ్చిన చిక్కంతా అదే. మోసగత్తె అయితే మొదటి రోజే నాలుగు కడిగేసి వచ్చేదాన్ని.

ఆ నమ్మకంతోనే కరపత్రం వేశారు. పదకొండు సంవత్సరముల భుజపు నొప్పి ఒక్క ప్రార్థనలో మాయం, సహోదరి కృపమ్మ, బస్ కండక్టర్, ఆమె నోటనే వినండి. నా ఫొటో, డ్యూటీ కోటులో, మొహం మీద మొటిమలన్నీ తుడిచేసి తెల్లగా చేశారు. అచ్చు వేయించింది మా ఆయనే, ఆనంద్ కుమార్, సంఘ పెద్ద. "మన ఇంటి పేరు ఇంతమంది నోట్ల ఎప్పుడన్న పడ్డదా కృపా?" అని మురిసిపోయాడు. ఒకటి ఫ్రిజ్ మీద అంటించాడు. ఒకటి నా బస్సులోనే సీటు వెనక కనిపించింది, ఎవరు అంటించారో, దానికి ఆనుకుని ఒకామె నిద్రపోతోంది. ఆనంద్‌కు తెలియదా? తెలుసు. పొద్దున చీర కట్టుకునేటప్పుడు ఎడమ భుజం మీద పిన్ను పెట్టుకోలేక నేను తంటాలు పడుతుంటే, ఏమీ మాట్లాడకుండా వచ్చి, పిన్ను పెట్టి, నా మొహం చూడకుండా వెళ్ళిపోతాడు. నెల నుంచి ఇదే వరస. ఇంట్లో ఇద్దరం పిన్ను దగ్గర నిజం, మిగతా అంతా కరపత్రం. ఇవాళ కూడా డిపోలో మీటింగ్ అని చెప్పి వచ్చాను, ఆయన సరే అన్నాడు, ఏం మీటింగని అడగలేదు.

ఇవన్నీ నా భుజంతో పోయేవైతే పోనీలే అనుకునేదాన్ని. అండాలమ్మ సంగతి అలా కాదు. అండాలమ్మ పెద్దమ్మ ఆకుకూరల గంపతో రోజూ నా బస్సే ఎక్కుతుంది, పాలకూర మీద నీళ్ళు చల్లుకుంటూ ఇంజన్ పక్కన కూచుంటుంది. మాటల్లో మాటగా నేనే చర్చికి తీసుకొచ్చాను, ఏడాదిన్నర అయింది. బాప్తిస్మం తీసుకుంది, పేరు మార్చుకోమంటే మాత్రం, "మా అయ్య పెట్టిన పేరు. దేవుడు ఇన్నేండ్లు గీ పేరుతోనే గద నన్ను సాకింది, ఇప్పుడు మారిస్తే యాదికుంటనా?" అని అయ్యగారినే నవ్వించింది. షుగరు ఉంది, పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి మాత్ర. మొన్న శనివారం బస్సెక్కింది, ఎడమ పాదానికి పాత చీర పేలిక చుట్టుకుని. కాలికేమైందని అడిగితే ముల్లు దిగిందట, మానడం లేదట. "మాత్రలు ఏస్కుంటున్నవా?" అన్నాను. ఆమె నన్ను చూసి కన్నుకొట్టినట్టు నవ్వింది. "నన్ను పరీక్ష పెడ్తున్నవా బిడ్డా? బంద్ పెట్టి ఇరవై దినాలాయె. నువ్వు చెయ్యి లేపింది నా కండ్లతోని సూసిన. నేనేమన్న తక్కువ విశ్వాసం దాన్నా?" వెనక నుంచి ఎవరో జరగమంటున్నారు, పక్క సీట్లో మా సంఘం ఆమె ఒకతె చెవులు రిక్కించి కూచుంది. వేస్కో పెద్దమ్మా అని గొణిగాను. సందేహం పెట్టకు అని నాకే బుద్ధి చెప్పింది. నేను ఆడవాళ్ళకిచ్చే జీరో టికెట్ కొట్టి ఆమె చేతిలో పెట్టి ముందుకు పోయాను. పదకొండేళ్ళలో ఎంతమందిని కసిరాను, ఎంతమందిని బస్సు దింపాను, ఆ రోజు ఆ ముసలామెకు ఒక్క నిజం చెప్పడానికి నా నోరు రాలేదు. శనివారం నుంచి నాకు అన్నం సహించడం లేదు.

కుడిచేతిలో ఫోను గుర్రుమంది. రూబీ అమ్మగారు. కంతలోంచి చూస్తూ, భుజం కదపకుండా, వేలితో నొక్కి స్పీకర్ పెట్టాను. "వందనాలు అమ్మగారు" అన్నాను. "వందనాలు వందనాలు. ఏడున్నవ్ కృపమ్మా, గొంతు గట్లున్నదేంది?" అంది. "డిపోల ఉన్న" అన్నాను. నా నోటికి అంత తేలిగ్గా వచ్చేసింది. "ఆరున్నర కల్ల ముందల వరుసల కూసోవాలె. తెల్ల చీర కట్టుకో. చెయ్యి మంచిగ పైకి లేపి సూపియ్యి, వెనకున్నోళ్ళకు గూడ కనవడాలె. ఇంకో మాట. నీ తర్వాత అండాలమ్మను గూడ స్టేజీ మీదికి పిలుస్తున్నం. ఇరవై ఐదు దినాలాయె మాత్ర ముట్టక. నీ సాక్ష్యానికి మొదటి ఫలం ఆమెనే. ఆమె ఇప్పుడే ఒచ్చి కూసున్నది, జర కాలు కుంటుతుంది గని మొఖంల సంతోషం సూడాలె నువ్వు!" ఊ అన్నాను. ఫోను పెట్టేసింది. మెట్రో పోయింది, అద్దం గడగడమంది. మొదటి ఫలం. కుళ్ళిపోయే ఫలం. మార్కెట్‌లో బత్తాయి కింద నుంచి ముందు మెత్తబడుతుంది, పైకి నిగనిగలాడుతూనే ఉంటుంది.

ప్రభువా, నీతో పేచీ పెట్టుకోవడానికి నాకు భయం లేదు, నీకు తెలుసు. నేను నిన్ను వదలను, అది కూడా నీకు తెలుసు. కానీ నా భుజం నీకేం చేసింది, దాన్ని పట్టుకుని వీళ్ళు నీకు పేరు తెస్తామంటున్నారు, నీకు పేరు తక్కువైందా? ఈ తెనాలి పిల్ల చేతిలో సూది సరిగ్గా గడ్డకు తగలడం నీ పని కాదా? ఆమె నాలుగేళ్ళు చదివి, ఏ కండ కింద ఏముందో నేర్చుకుంది, నాకు ఊపిరితిత్తి గుచ్చకుండా వేళ్ళతో కండను పైకెత్తి పట్టుకుంది. అందులో నువ్వు లేవని ఎవరు చెప్పారు? రూబీ అమ్మగారి బొటనవేలిలో ఉన్నావు, సూదిలో ఉండవా? అండాలమ్మ మాత్రలో ఉండవా? ఉండకపోతే ఉండకు, ఆ మాత్ర మాత్రం ఆమె వేసుకోవాల్సిందే. ఏడింటికి స్టేజీ మీద చెప్పేద్దామా? మైకు ఎవరి చేతిలో ఉంటుంది, అయ్యగారి చేతిలో. నొప్పి పోలేదు అనగానే కీబోర్డు మొదలవుతుంది, స్తోత్రం స్తోత్రం అని అందరూ అందుకుంటారు, నా మాట పాటలో కలిసిపోతుంది. పదిమందిలో మైకు ఎలా లాక్కుంటారో నాకు తెలుసు. అంతదాకా ఆగను. అసలు ఆ చెయ్యి ఎత్తను. ఏం చేస్తారు, వెలివేస్తారా? వెయ్యనీ. చచ్చిపోతే పాట పాడే దిక్కు ఉండదంటారా? లేకపోనీ. బతికినన్నాళ్ళు ఒక ముసలామె కాలు నా పేరు మీద కుళ్ళిందని అనిపించుకోను.

"జ్యోతికా" అని పిలిచాను. నీలం చెప్పులు పరిగెత్తుకుంటూ వచ్చాయి. "నొప్పిగా ఉందా ఆంటీ? కళ్ళు తిరుగుతున్నాయా?" "లేదమ్మా. నా ఫోన్ల ఒక ఫొటో తియ్యి. భుజం మొత్తం, సూదులన్ని కనవడాలె." "సూదులతోనా? ఎందుకండీ?" "మా సంఘం గ్రూపుల పెడ్త." ఆమె ఫోను అందుకుంది. నా కథ తెలుసు కదా. "మొహం రాకుండా తీస్తానండీ, ఎవరూ గుర్తుపట్టరు" అంది మెల్లగా. "గుర్తుపట్టాలనే గద తీయమంటున్న" అన్నాను. మెడ తిప్పకూడదంది, సరే, మొహం అక్కర్లేదు, గొంతు ఉంది కదా నాకు. క్లిక్కుమంది. ఫోను కంత కిందకి తెచ్చి చూపించింది. నా వీపు నేను ఎప్పుడూ చూడలేదు. నల్లటి వీపు, జాకెట్టు పట్టీ గీత, తొమ్మిది సన్నటి సూదులు నిటారుగా నిలబడి ఉన్నాయి, సిగ్గుపడాల్సిందేం కనపడలేదు.

ఫొటో పంపి, మైకు గుర్తు మీద వేలు నొక్కిపెట్టాను. "వందనాలు అందరికి. నేను కృపమ్మను. ఈ ఫొటోల ఉన్నది నా భుజమే. డిపోల లేను, దిల్‌సుఖ్‌నగర్ల పండుకోని సూదులు పెట్టిచ్చుకుంటున్న, ఇది మూడోసారి. ఆ శుక్రవారం నేను చెప్పింది అబద్ధం కాదు, ఆ దినం నిజంగనే తగ్గింది. సోమవారం మల్ల ఒచ్చింది. ఒచ్చిందని చెప్పకపోవుడే నా తప్పు, ఐదు వారాలు నోరు మూసుకున్న. ప్రార్థన నేను బంద్ పెట్టలే, పెట్టను. సూదులు గూడ బంద్ పెట్టను. మీరేమన్న అనుకోండ్రి. అండాలమ్మ పెద్దమ్మా, నన్ను సూసి మాత్రలు బంద్ పెట్టినవు గద, ఇప్పుడు నన్ను సూసే మల్ల మొదలువెట్టు. ఇయ్యాల్నే." వేలు తీశాను. సుయ్యిమని వెళ్ళిపోయింది. ఒక టిక్కు పడింది. భుజం సంగతి ఏమో కానీ ఛాతీ మీంచి బండ దిగింది.

ఎవరో చేతులు జోడించిన బొమ్మ పెట్టారు, ఎవరో పెట్టి తీసేశారు. ఆ తర్వాత సన్నటి అక్షరాల్లో ఒక వరస. రూబీ అమ్మగారు మిమ్మల్ని గ్రూపు నుంచి తొలగించారు. ఎదురుచూసిందే, అయినా గుండె కలుక్కుమంది, జడ వేసిన చేతులు కదా అవి. వెంటనే ఆనంద్ ఫోను. "కృపా, ఏం జేసినవే? ఈడ నేను అయ్యగారి పక్కన్నే నిల్సున్న." "నిల్సో. నేను నిన్ను కూసోమన్ననా?" "నలుగుట్ల నా మొఖం ఎట్ల సూపియ్యాలె?" జాలేసింది, అయినా ఆగలేదు నేను. "పొద్దుగాల నా చీరకు పిన్ను పెట్టింది నువ్వే గద. నాకు నొస్తదని నీకెర్క లేదా?" వెనక కుర్చీలు జరిపే చప్పుడు. "అది ఇంట్ల మాట" అన్నాడు. "ఇంట్ల మాటనే గద నువ్వు అచ్చు కొట్టిచ్చి ఊరంత పంచినవ్" అని పెట్టేశాను. రాత్రికి ఇంటికి వెళ్ళాలి, మాట్లాడుకోవాలి, పోట్లాడుకోవాలి, తెలుసు. పోట్లాడదాం. పోట్లాటకు నేనెప్పుడు వెనక్కు తగ్గాను.

జ్యోతిక సూదులు తీయడం మొదలుపెట్టింది. ఒక్కోటి తీసి దూదితో అదిమి, పసుపు డబ్బాలో పడేస్తోంది, చిన్న చిన్న చప్పుళ్ళు. మూడోది తీస్తుండగా ఫోను మళ్ళీ మోగింది. అండాలమ్మ. మీటలు నొక్కే చిన్న ఫోను ఆమెది, గ్రూపులూ ఫొటోలూ ఆమెకెక్కడివి. స్పీకర్ పెట్టమని జ్యోతికకు చెప్పాను. "బిడ్డా, ఈడ హాల్ల అందరి ఫోన్లల్ల నువ్వే మాట్లాడ్తున్నవ్. గీ దిక్కు నువ్వే, గా దిక్కు నువ్వే. ఒకలు బంద్ జేస్తె ఇంకొకలు పెడ్తున్నరు." "నువ్వు ఇన్నవా పెద్దమ్మా?" "ఇన్న." కోపమొచ్చిందేమో, ఏడుస్తోందేమో, మోసం చేశావంటుందేమో అని కంతలో మొహం పెట్టుకుని నేల వైపు చూస్తున్నాను. "ఆ సూదులు నొస్తయా బిడ్డా?" అంది.

"నొస్తయి పెద్దమ్మా. మస్తు నొస్తయి." "మరెందుకు పెట్టిచ్చుకుంటున్నవ్?" "పొద్దుగాల డ్యూటీ ఎక్కాలె గద. నువ్వు ఎక్కేది నా బస్సే గద." నేనే మళ్ళీ అందుకున్నాను. "మాత్రలు ఏం జేసినవ్? పారేసినవా?" అని అడిగాను. హాలు రొదలో చిన్నగా, ఎవరికీ వినపడకూడదన్నట్టు, "పారెయ్యలే. కొంగుకే కట్టుకోని తిరుగుతున్న. విశ్వాసం లేక కాదు బిడ్డా, ఎందుకో మనసొప్పలే" అంది. ఇరవై ఐదు రోజులు, ఆ గంపతో, ఆ కాలితో, నాలాగే దాచుకుని తిరిగింది. "ఇప్పు పెద్దమ్మా" అన్నాను. "గిక్కడనా? అందరు సూస్తున్నరు." "సూడనియ్యి. అందరి ముందల్నే ఏస్కో." జ్యోతిక వంగి, "ఖాళీ కడుపుతో వద్దండీ, ఏమైనా తిని వేసుకోమనండి. రేపు డాక్టరుకు ఆ కాలు తప్పకుండా చూపించాలి" అంది. చెప్పాను. రేపు డ్యూటీ మార్పించుకుని నేనే తోలుకపోతానని కూడా చెప్పాను. ఆమె ఫోను పెట్టేయలేదు. ఏదో ముడి విప్పుతున్నట్టు గాజుల చప్పుడు. చుట్టుపక్కల మాటలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. అప్పుడు అండాలమ్మ గొంతు, పాలకూర అమ్మే గొంతు, గట్టిగా, హాలంతా వినేటట్టు, "రూబీ అమ్మగారు, జర రెండు బిస్కిట్లు, గిలాసల నీళ్ళు ఇప్పియ్యి. మాత్ర ఏస్కోవాలె" అని అడగడం వినబడింది.